చిగుళ్ళ జబ్బు నోటితో ఆగదు

(మన సంఘం గద్వాల సమావేశంలో ఒక విశ్రాంత ప్రభుత్వ దంతవైద్యులు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మీరు డి.ఏ. బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడుకున్నారు. సరిగ్గా భోజనాల ముందు పళ్ళ డాక్టరును నిలబెట్టారు కార్యదర్శిగారు. వారి సమయస్ఫూర్తిని మెచ్చుకోవాలి. మీ ఆకలిని ఎక్కువసేపు పరీక్షించను.

పళ్ళు తోముకునేటప్పుడు నెత్తురు పడుతుందా అని అడిగితే మన వయసువారిలో చాలామంది చెప్పే జవాబు ఒకటే. "అప్పుడప్పుడు పడుతుంది లెండి, వయసైంది కదా!" అదే నెత్తురు మూత్రంలో కనిపిస్తే ఆ పూటే హైదరాబాదు బస్సెక్కుతారు. నోట్లో కనిపిస్తే మాత్రం ఉమ్మేసి కాఫీ తాగుతారు. ఆరోగ్యంగా ఉన్న చిగురు ఎనభై ఏళ్ళ వయసులోనైనా బ్రష్షు తగిలినంత మాత్రాన నెత్తురు కార్చదు. కారుస్తోందంటే అక్కడ వాపు ఉందన్నమాట. ఆ వాపు నోటి వరకే ఆగదని, ముఖ్యంగా షుగరు ఉన్నవారికి అది రెండు వైపులా నష్టం చేస్తుందని చెప్పడానికే ఈరోజు మీ ముందుకు వచ్చాను.

ముందు పన్ను ఎలా నిలబడుతుందో చూద్దాం. పన్ను దవడ ఎముకలో మేకులాగా దిగి ఉండదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య వేలకొద్దీ సన్నని పోగులు ఉంటాయి. మన గద్వాల చీర చూడండి. ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెండింటినీ పోగుకు పోగు కలిపి నేస్తారు. ఆ కలయిక గట్టిగా ఉన్నన్నాళ్ళు చీర చీరే. ఆ పోగులు తెగడం మొదలైతే అంచు ఎంత మేలైన పట్టయినా ఊడి చేతికొస్తుంది. చిగుళ్ళ జబ్బులో జరిగేదీ అదే. పన్ను పైకి శుభ్రంగా, పుచ్చు లేకుండా, తెల్లగా ఉంటుంది. పట్టుకున్న పోగులు తెగి, ఎముక కరిగి, ఒకరోజు జొన్నరొట్టె కొరికితే కదులుతుంది.

పోగులను తెంచేది పాచి. భోజనం చేసిన కొద్ది గంటల్లోనే పంటి మీద సూక్ష్మక్రిములు పొరగా కడతాయి. వేలితో గీకితే వచ్చే ఆ మెత్తని పొరే పాచి. తీయకుండా వదిలేస్తే లాలాజలంలోని సున్నం పట్టి గట్టిపడి గార అవుతుంది. ఈ గారకూ, నల్లగొండ వైపు ఫ్లోరైడు నీళ్ళతో వచ్చే పళ్ళ మచ్చలకూ సంబంధం లేదు. మచ్చ పంటి లోపలిది, గార పైన అతుక్కున్నది.

పాచికీ చిగుళ్ళ వాపుకూ ఉన్న సంబంధాన్ని 1965లో డెన్మార్కులో హెరాల్డ్ లో అనే శాస్త్రవేత్త తేటగా నిరూపించారు. ఆరోగ్యమైన చిగుళ్ళున్న 12 మంది, వారిలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే, పళ్ళు తోముకోవడం పూర్తిగా మానేశారు. మూడు వారాలు తిరిగేసరికి 12 మందికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టగానే సుమారు వారంలో తగ్గిపోయాయి. అంటే ఈ మొదటి దశ, జింజివైటిస్ అంటాం, పూర్తిగా నయమయ్యేదే. దాన్ని వదిలేస్తే వచ్చే రెండో దశ పీరియాడాంటైటిస్. అందులో పోయిన ఎముకను పూర్తిగా వెనక్కి తేలేం, పోయేదాన్ని ఆపగలం.

ఇక్కడ మీలో ఎవరో ఒకరు అనుకుంటూ ఉంటారు: "మా తాత బ్రష్షు ముఖమే ఎరగడు, చనిపోయేదాకా చెరుకుగడ నమిలాడు." నిజమే, అలాంటివారు ఉన్నారు. ఆ లో గారే తన బృందంతో శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది తమిళ కూలీలను 1970 నుంచి 15 ఏళ్ళపాటు గమనించారు. వారికి పళ్ళు తోముకునే అలవాటూ లేదు, దంతవైద్యుడూ లేడు. అందరి నోట్లోనూ పాచి, గార, వాచిన చిగుళ్ళే. అయినా వారిలో 11 శాతం మందికి జబ్బు ముదరలేదు. 81 శాతం మందికి మెల్లగా ముదిరింది. 8 శాతం మందికి గబగబా ముదిరి, నడివయసులోనే పళ్ళు పోయాయి. మీ తాత ఆ 11 శాతంలోని వాడు. మనం ఎందులో ఉన్నామో ముందుగా తెలియదు. పైగా మీ తాతకు షుగరు ఉండి ఉండదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అంచనా ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు వ్యాధి ఉంది. ఈ హాలులో ఎందరికి ఉందో చేతులెత్తమని అడగను. టీలో పంచదార వద్దన్నవారిని లెక్కపెడితే చాలు. షుగరు అదుపులో లేనివారికి చిగుళ్ళ జబ్బు ఎక్కువగా వస్తుంది, వేగంగా ముదురుతుంది, మానడం ఆలస్యమవుతుంది. ఇది చాలాకాలంగా తెలిసినదే. కంటికి, మూత్రపిండాలకు, నరాలకు, గుండెకు, కాళ్ళ రక్తనాళాలకు షుగరు చేసే చేటుతో పాటు చిగుళ్ళ జబ్బును ఆరోదిగా లెక్కించాలని 1993లో లో గారు రాశారు.

తర్వాత తెలిసిన విషయం మరింత ముఖ్యమైనది. దారి రెండు వైపులా ఉంది. చిగుళ్ళ వాపు వల్ల షుగరు కూడా పెరుగుతుంది. ఎలాగంటారా? నోరంతా జబ్బు ఉన్నప్పుడు చిగుళ్ళ లోపలి గుంటల్లో పుండుపడ్డ భాగమంతా పరిస్తే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు ఉంటుందని లెక్కవేశారు. పెద్ద తపాలా బిళ్ళలు ఒకటి రెండు పక్కపక్కన పెట్టినంత. మోకాలి మీద అంత పుండు ఏళ్ళ తరబడి మానకుండా ఉంటే ఊరుకుంటామా? ఆ పుండు నుంచి వాపును పెంచే పదార్థాలు రోజూ రక్తంలో కలుస్తాయి. అవి ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయి. మాత్ర అదే, మోతాదు అదే, పని మాత్రం సరిగా జరగదు.

దీనికి తోడు ఒక ఇంటి కారణం ఉంది, దాన్ని పుస్తకాల్లో అంతగా రాయరు. మన పాలమూరువారిది జొన్నరొట్టె తిండి. పళ్ళు కదలడం మొదలుపెట్టగానే ముందు పోయేది రొట్టె. తర్వాత గుగ్గిళ్ళు, పల్లీలు, పచ్చి కూరగాయ ముక్కలు. వాటి స్థానంలో మెత్తటి తెల్లన్నం, టీలో ముంచిన బిస్కట్లు, అరటిపండు వస్తాయి. నా దగ్గరకు వచ్చిన ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరుగారు ఏడాదిలో రెండుసార్లు షుగరు మాత్రలు పెంచుకున్నారు. ఏం తింటున్నారని అడిగితే ఇంటావిడ చెప్పింది: "రొట్టె నమలలేకున్నారు డాక్టరు సాబ్, మూడు పూటలా అన్నమే." ఆయనకు ముందు నోరు బాగుచేయవలసి వచ్చింది. నాలుగు పళ్ళు తీయక తప్పలేదు, మిగిలినవి నిలిచాయి. మెల్లగా రొట్టెకు తిరిగి వచ్చారు, మాత్రలు మళ్ళీ పెంచవలసిన అవసరం రాలేదు.

ఒకరిద్దరి అనుభవం రుజువు కాదు కాబట్టి పెద్ద లెక్కలు చెబుతాను. చిగుళ్ళ వైద్యం చేస్తే షుగరు తగ్గుతుందా అని చాలా దేశాల్లో పరీక్షించారు. 2013లో అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశీలన తగ్గలేదని చెప్పింది. 2018లో లండన్‌లో జరిగినది, క్షుణ్ణంగా వైద్యం చేస్తే ఏడాది చివర తగ్గిందని చెప్పింది. ఇలాంటి 35 పరిశీలనలను కలిపి 2022లో కొక్రేన్ సంస్థ తేల్చిన దాని ప్రకారం, చిగుళ్ళ వైద్యం తర్వాత మూడు నాలుగు నెలలకు మూడు నెలల సగటు షుగరు, అంటే హెచ్‌బీఏ1సీ, సుమారు 0.43 మేర తగ్గుతుంది. 8.4 ఉన్నది 8కి దగ్గరవుతుంది. ఇది చిన్న లాభమేమీ కాదు. కానీ గార తీయించుకున్నాం కదా అని షుగరు మాత్రలు మానకండి.

గుండె సంగతి చెప్పేటప్పుడు కాస్త ఆచితూచి మాట్లాడాలి. 1989లో ఫిన్లాండులో గుండెపోటు వచ్చిన 100 మంది నోళ్ళను, రాని 102 మంది నోళ్ళతో పోల్చి చూశారు. వచ్చినవారి నోటి ఆరోగ్యం బాగా దెబ్బతిని ఉంది. ఆ తర్వాత వచ్చిన అనేక పరిశీలనల్లోనూ ఈ రెండూ కలిసే కనిపించాయి. అమెరికాలోని పీమా తెగవారిలో షుగరున్నవారిని ఏళ్ళ తరబడి గమనించి 2005లో ప్రకటించారు: చిగుళ్ళ జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో గుండె, మూత్రపిండాల జబ్బులతో పోయే ప్రమాదం మిగతావారి కంటే 3.2 రెట్లు. అయితే పొగతాగడం, షుగరు, పేదరికం రెండు జబ్బులకూ ఉమ్మడి కారణాలే. చిగుళ్ళకు వైద్యం చేస్తే గుండెపోటు ఆగుతుందనడానికి ఆధారం లేదని 2012లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ స్పష్టంగా చెప్పింది. "చిగుళ్ళు కడిగిస్తే స్టెంటు అక్కరలేదు" అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇలా తొందరపడి నమ్మితే ఏమవుతుందో చరిత్రలో ఉంది. 1910లో విలియం హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడు కెనడాలో ప్రసంగిస్తూ, ఒంట్లోని ఎన్నో రోగాలకు నోటిలోని చీమే మూలమన్నాడు. ఆ మాట పట్టుకుని కీళ్ళ నొప్పులకూ, మతిభ్రమకూ కూడా మంచి మంచి పళ్ళు పీకేశారు. రోగాలు మాత్రం తగ్గలేదు. తర్వాత కొన్ని దశాబ్దాలు వైద్యులు నోటి వైపు చూడడమే మానేశారు. రెండూ అతే.

గుండె విషయంలో సందేహం లేని సంగతి ఒకటి ఉంది. కృత్రిమ కవాటం పెట్టించుకున్నవారికి, పూర్వం గుండె లోపలి పొరకు ఇన్‌ఫెక్షన్ వచ్చినవారికి నోటి క్రిములు రక్తంలో చేరి అక్కడ కాపురం పెట్టగలవు. అది ప్రాణాంతకం. అటువంటివారు పన్ను తీయించుకునే ముందు, గార తీయించుకునే ముందు సంగతి చెప్పాలి. గంట ముందు యాంటీబయాటిక్ ఇస్తాం. రక్తం పలచబడే మందులు వాడేవారూ చెప్పాలి. అయితే గుండె డాక్టరును అడగకుండా వాటిని సొంతంగా ఆపకూడదు.

బి.పి. మాత్రల సంగతి కూడా చాలామందికి తెలియదు. ఆమ్లోడిపిన్ వాడేవారిలో కొందరికి చిగుళ్ళు ఉబ్బి పళ్ళ మీదికి పెరుగుతాయి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్‌తోనూ అంతే. పాచి ఉంటే ఆ పెరుగుదల ఎక్కువ. మాత్ర మార్చాలా వద్దా అన్నది రాసిచ్చిన డాక్టరు నిర్ణయించాలి.

మంచం పట్టిన పెద్దలు ఇంట్లో ఉన్నవారు ఈ మాట వినండి. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్ళు ఒక పరిశీలన చేశారు. కొందరికి రోజూ మనిషి సాయంతో పళ్ళు, నోరు శుభ్రం చేశారు. మిగతావారిని మామూలుగానే వదిలేశారు. శుభ్రం చేయనివారిలో 19 శాతం మందికి న్యుమోనియా వచ్చింది, చేసినవారిలో 11 శాతానికే. మింగే శక్తి తగ్గినవారికి నిద్రలో నోటి ఊట ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఆ ఊటలో ఏముందన్నదే ప్రశ్న. మన ఇళ్ళలో మంచాన ఉన్న అమ్మకు ఒళ్ళు తుడుస్తాం, పక్క మారుస్తాం, తల దువ్వుతాం. నోరు మాత్రం మరిచిపోతాం. పళ్ళు లేకపోయినా తడి గుడ్డ వేలికి చుట్టి చిగుళ్ళు, నాలుక తుడవాలి. పళ్ళ సెట్టు రాత్రి తీసి, తోమి, నీళ్ళలో పెట్టాలి.

ఏం చేయాలి అంటారా? మెత్తని బ్రష్షుతో రోజుకు రెండుసార్లు, రాత్రి తప్పకుండా, చిగురు అంచున నెమ్మదిగా తోమాలి. నెత్తురు పడుతోందని అక్కడ తోమడం మానేయడం తప్పు, అక్కడే పాచి ఉంది. పంటి సందులకు సన్నని బ్రష్షులు దొరుకుతాయి, మన వయసులో సందులు ఎలాగూ పెరుగుతాయి కాబట్టి అవి బాగా పనికొస్తాయి. వేపపుల్లతో నాకు తగాదా లేదు, కొసను బాగా నమిలి మెత్తగా చేసుకోండి. బొగ్గుపొడి, ఇటుకపొడి మాత్రం వద్దు, పన్ను అరుగుతుంది. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది కానీ గార రాలదు. జర్దా, గుట్కా, చుట్ట, బీడీ మానాలి. పొగతాగేవారికి చిగుళ్ళ నుంచి నెత్తురు తక్కువగా వస్తుంది. జబ్బు లేక కాదు, అది దాగి ఉండడం వల్ల.

ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం కదా, ఆ నెలలోనే నోరు కూడా చూపించుకోండి. షుగరున్నవారు ఆరు నెలలకొకసారి. గద్వాల నుంచి రైలెక్కితే మహబూబ్‌నగర్, కర్నూలు, రాయచూరు మూడు చోట్లా దంతవైద్య కళాశాలలు ఉన్నాయి.

అవసరమైతే కొందరికి డాక్సీసైక్లిన్ మాత్రలు కూడా ఇస్తాం. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్. 1948లో అమెరికాలోని లెడర్లీ సంస్థ నుంచి వెలువడింది. అక్కడి పరిశోధనలకు అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ ఏడే ఆయన కన్నుమూశారు. అంతటి మందు కూడా గార తీయకుండా ఒక్కటే వాడితే పనిచేయదు. మెడికల్ షాపులో అడిగి కొనుక్కోకండి.

ముందుగానే చీటీల మీద వచ్చిన ప్రశ్నలు రెండున్నాయి. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయా? కావు. ఎముక ఎప్పుడో కరిగిపోయింది, మట్టి మెత్తినట్టు గార పట్టుకుని ఉంది, తీశాక అసలు స్థితి బయటపడింది. కొన్నాళ్ళు చల్లనీళ్ళకు జివ్వుమంటుంది, చాలావరకు తగ్గిపోతుంది. పై పన్ను పీకితే చూపు పోతుందా? పోదు. కంటి నరం వేరు, పంటి నరం వేరు. పన్ను తీయించుకునే వయసూ, శుక్లాలు వచ్చే వయసూ ఒకటే కావడంతో ఆ నింద పంటి మీద పడింది.

వడ్డన మొదలైనట్టుంది. టార్చిలైటు, చిన్న అద్దాలు తెచ్చాను. చూపించుకోదలచినవారు భోజనం అయ్యాక బాగా పుక్కిలించి ఆ కిటికీ దగ్గరకు రండి. షుగరు చీటీ ఉంటే వెంట తెండి.