ఒక్క సీసాతోటి మూసీ లెక్క తేలదు
(నందికొండ రైతు సభలో ప్రసంగం)

మూసీ మనకు దిగువన, వాడపల్లి కాడ కృష్ణల కలుస్తది, మనకేందని ఊకోవద్దు. ఆ నీళ్లతోటి వరి వేసేది మన నల్లగొండ రైతులే.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్లు శుద్ధి చేసినమని 18 కిలోమీటర్ల పైపులైను వేసి, నగరం మురుగుల కలిపి అంబర్‌పేట ప్లాంటుకు పంపిండ్రు. ఆ తర్వాత మూసీలకే. మురుగు ప్లాంటు మందుల రసాయనాలకు కట్టింది కాదు. పటాన్‌చెరు శుద్ధి ప్లాంటు దాటిన నీళ్లల్ల లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అచ్చేసిండ్రు. మనం జ్వరానికి మింగే గోలీ మందే అది!

పగటిపూట సార్లు వచ్చి ఒక్క సీసా నింపితే అది ఆ గడియ లెక్కే. రాత్రి వదిలింది దొరకదు. గంటగంటకు తీసి, 24 గంటలది కలిపి చూడాలె. అదీ మురుగుల కలవకముందే తీయాలె. కలిసినంక పలచబడ్డదాన్ని చూసి బాగుందంటరు. 1974 నీటి చట్టం 21వ సెక్షన్ల యజమాని ముందర నమూనాను రెండు భాగాలు చేసి, సీలేసి, సంతకాలు పెట్టాలని ఉంది. రైతు సంతకానికి మాత్రం జాగా లేదు. ఆ జాగా అడుగుదాం.