ఇల్లు ఎవరికో అడిగాం, పని ఎవరికో అడిగామా?

ఈసారి నార్త్ కరోలినాలోని షార్లెట్ నగరం గురించి మాట్లాడుకుందాం. మన తెలుగువాళ్ళు కూడా బాగానే ఉన్న ఊరు.

అక్కడ సిటీకి హౌసింగ్ ట్రస్ట్ ఫండ్ అని ఒకటుంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళు అద్దె కట్టుకోగలిగే ఇళ్ళ కోసం పెట్టింది. డబ్బు ఎక్కడిది అంటారా? సిటీ బాండ్లు అమ్ముతుంది, అంటే అప్పు తెస్తుంది. దానికి ముందు ఓటర్ల అనుమతి తీసుకుంటుంది. 2018లో 5 కోట్ల డాలర్లకి ఓటర్లు సరే అన్నారు. 2020లో ఇంకో 5 కోట్లు. 2024లో 10 కోట్లు.

ఈ డబ్బుతో సిటీయే ఇళ్ళు కట్టేస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. కట్టేది డెవలపర్. బ్యాంకు లోను, పన్ను రాయితీల మీద వచ్చే పెట్టుబడి, అన్నీ పోగా ఇంకా తక్కువ పడే మొత్తాన్ని ఈ ఫండ్ సర్దుతుంది. బదులుగా, ఇంత ఆదాయం లోపు వాళ్ళకి, ఇన్ని ఇళ్ళు, ఇన్నేళ్ళు ఇవ్వాలి అని రాయించుకుంటుంది.

సరే, ఇల్లు ఎవరికో తేలింది. మరి ఆ కట్టుబడి పని ఎవరికి?

ఈ ప్రశ్నకి పెద్ద కథే ఉంది. వర్జీనియాలో రిచ్‌మండ్ అనే ఊరు, ఒకప్పుడు కాన్ఫెడరసీ రాజధాని. 1980ల మొదట్లో అక్కడి జనాభాలో సగం నల్లజాతి వాళ్ళు. కానీ అయిదేళ్ళలో సిటీ ఇచ్చిన ప్రధాన నిర్మాణ కాంట్రాక్టుల్లో మైనారిటీ వ్యాపారాలకి దక్కింది 0.67 శాతం. నూటికి ఒకటి కూడా కాదు! అందుకే 1983లో సిటీ ఒక రూలు పెట్టింది: కాంట్రాక్టు విలువలో కనీసం 30 శాతం మైనారిటీ సబ్‌కాంట్రాక్టర్లకి ఇవ్వాలి అని. సిటీ జైలులో టాయిలెట్లు బిగించే పని దగ్గర క్రోసన్ అనే కంపెనీ కోర్టుకెక్కింది. 1989లో సుప్రీంకోర్టు 6-3 తో ఆ రూలు కొట్టేసింది.

కోర్టు ఏమంది? జనాభాతో పోలిస్తే చాలదు, ఆ పని చేయగల అర్హత ఉన్న కంపెనీలు ఎన్ని, వాటికి దక్కింది ఎంత, అది చూపించండి అంది. పైగా రిచ్‌మండ్ వాళ్ళు ఆ జాబితాలో ఎస్కిమోలని కూడా చేర్చారు. ఆ ఊళ్ళో వాళ్ళకి అన్యాయం జరిగినట్టు ఆధారమే లేదు. అప్పట్నుంచి నగరాలు ముందు లెక్కలు తీసి, ఆ తర్వాతే లక్ష్యాలు పెట్టడం నేర్చుకున్నాయి.

ఇక్కడే అసలు చిక్కు. ఆ లక్ష్యాలు మామూలుగా సిటీ ఇచ్చే కాంట్రాక్టులకి. హౌసింగ్ ఫండ్‌లో సిటీ ఇచ్చేది కాంట్రాక్టు కాదు, డెవలపర్‌కి ఆర్థిక సాయం. డెవలపర్ తనకి నచ్చిన బిల్డర్‌ని పెట్టుకుంటాడు. కాబట్టి సాయం ఇచ్చే అగ్రిమెంటులోనే రాయించుకోకపోతే ఆ లక్ష్యం అక్కడిదాకా రాదు.

రాసినా సరిపోదండీ. నాకు తెలిసిన ఒకాయన, ఆఫ్రికన్ అమెరికన్, చిన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్. ఒక పెద్ద బిల్డింగులో సబ్‌కాంట్రాక్టు దొరికింది. కాగితం మీద ఆయన పేరు బ్రహ్మాండంగా ఉంది. కుర్రాళ్ళకి ప్రతి శుక్రవారం జీతం ఇవ్వాలి, ఈయన బిల్లు మాత్రం మూడు నెలలకి వచ్చింది. ఈలోపు క్రెడిట్ కార్డుల మీద నెట్టుకొచ్చారు. మళ్ళీ అలాంటి పని జోలికి వెళ్ళలేదు. లెక్కల్లో ఆయన మాత్రం సక్సెస్సే!

అందుకే నేననేది ఒక్కటే. మాటిచ్చిన శాతం కాదు, చేతికందిన డాలర్లు ఎన్ని, ఎన్ని రోజులకి అందాయి, అది సిటీ బయటపెట్టాలి. అద్దె తక్కువ ఇల్లు ఎంత అవసరమో, ఆ అద్దె కట్టుకునే సంపాదన కూడా అంతే అవసరం కదా. బాండు తీర్చేది మన పన్నులతోనే. ఈసారి ఓటు అడగడానికి వస్తే ఈ రెండో ప్రశ్న కూడా అడగండి.