నిద్రలో ఊపిరి ఆగుట
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ఇప్పుడే ముగిసినది. ఆదాయ వ్యయములు, రాజపూజ్య అవమానములు విన్న చెవులకు వైద్యుల మాట అంతగా రుచించదని మాకు తెలుసును. అయినా సమాజము వారు ఈ యేడు ఆరోగ్యమును గూర్చి ఏదైనా చెప్పవలసినదని కోరినారు. విషయమేమని అడిగితే "గురక" అన్నాము. కార్యదర్శిగారు నవ్వినారు. మీరూ నవ్వుతున్నారు. గురక మాట ఎత్తితే నవ్వు రాని ఇల్లు మన బరంపురములో లేదు. ఆ నవ్వు చాటునే ఈ జబ్బు ఇన్నాళ్లు దాగి ఉన్నది.

మనవారిలో గురకకు నవ్వుతోపాటు కొంత గౌరవము కూడా ఉన్నది. "గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు" అంటే హాయిగా నిద్రపోతున్నాడనే అర్థము. కుంభకర్ణుని ముచ్చట చెప్పేటప్పుడు పిల్లలకు అన్నిటికన్నా నచ్చేది అతని గురకే. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని సామెత. సుఖమే కాదు, నిద్ర తన కష్టమును కూడా ఎరుగదు. మేము చెప్పబోయే జబ్బుకు మొదటి లక్షణము అదే. జబ్బు ఉన్నవానికి తెలియదు, పక్కన పడుకొన్నవారికి తెలుస్తుంది.

వైద్యులు దీనిని స్లీప్ ఆప్నియా అంటారు. ఆప్నియా అనేది గ్రీకు మాట, ఊపిరి లేకపోవుట అని అర్థము. మనము మేలుకొని ఉన్నప్పుడు గొంతులోని కండరములు బిగువుగా ఉండి గాలి దారిని తెరచి ఉంచుతవి. నిద్ర పట్టగానే ఒళ్లంతా సడలినట్లే అవీ సడలుతవి. నాలుక మొదలు వెనుకకు జారుతుంది. కొండనాలుకను పట్టుకొని ఉన్న మెత్తని అంగిలి క్రిందికి వ్రాలుతుంది. దారి ఇరుకైనప్పుడు వచ్చిపోయే గాలి ఆ మెత్తని భాగములను అదరగొడుతుంది. ఆ చప్పుడే గురక. దారి పూర్తిగా మూసుకొనిపోతే చప్పుడు ఉండదు. గురక ఆగింది, ఇక మనకు కూడా కాస్త కునుకు పడుతుందని పక్కవారు అనుకొంటారు. అసలు ప్రమాదము ఆ నిశ్శబ్దములోనే ఉన్నది.

ఆ సమయములో రొమ్ము, పొట్ట ఎగసిపడుతూనే ఉంటవి గాని గాలి లోపలికి పోదు. రక్తములో ప్రాణవాయువు తగ్గుతుంది. మెదడు గాభరాపడి మనిషిని రెండు మూడు క్షణములు మేల్కొలుపుతుంది. కండరము బిగిసి, పెద్ద శబ్దముతో ఊపిరి అందుతుంది. మరల నిద్ర, మరల గురక, మరల నిశ్శబ్దము. తెల్లవారి లేచినవానికి ఇదేమీ జ్ఞాపకముండదు. "రాత్రంతా ఒక్క నిద్ర తీశాను, అయినా ఒళ్లు బడలికగా ఉన్నది" అంటాడు.

ఊపిరి కనీసము 10 సెకండ్లు ఆగితే, లేక ప్రాణవాయువు తగ్గేటంతగా సన్నగిల్లితే దానిని ఒక ఆటంకముగా లెక్క వేస్తారు. పెద్దవారిలో గంటకు 5 కంటె తక్కువ ఉంటే చింత లేదు. 5 మొదలు 15 వరకు స్వల్పము, 15 మొదలు 30 వరకు మధ్యమము, 30 దాటితే తీవ్రము. గంటకు 30 అంటే ప్రతి రెండు నిమిషములకు ఒకసారి ఎవరో గొంతు నులిమి వదలినట్లు. అట్లు ఒక రాత్రి కాదు, ఏండ్ల తరబడి. రక్తపు పోటు పెరగక ఏమి చేస్తుంది? గుండె లయ తప్పుట, పక్షవాతము, మధుమేహము, ఇవన్నీ ఈ జబ్బు ఉన్నవారిలో ఎక్కువగా కనబడుతవి. దారి మూసుకొనకపోయినా, ఊపిరి తీయమనే ఆజ్ఞ మెదడు నుండి రాక శ్వాస ఆగే రకము కూడా ఒకటి ఉన్నది. అది అరుదు, కనుక దానిని ఈ పూటకు వదలివేస్తాము.

ఇది ఎక్కడో సీమలో లావుపాటి దొరలకు వచ్చే జబ్బని కొందరి అభిప్రాయము. ఆ అభిప్రాయమునకు కారణము లేకపోలేదు. డికెన్స్ తన పిక్విక్ పేపర్స్ నవలలో, నిలుచున్నచోటనే నిద్రపోయే జో అనే లావుపాటి కుర్రవానిని చిత్రించినాడు. 1956 లో అమెరికా వైద్యులు అటువంటి ఒక రోగిని వర్ణిస్తూ ఆ జబ్బుకు ఆ నవల పేరే పెట్టినారు. కాని 2019 లో లెక్క కట్టినప్పుడు ప్రపంచములో 30 మొదలు 69 ఏండ్ల లోపు వారిలో సుమారు 93 కోట్ల మందికి ఈ జబ్బు ఉండవచ్చునని తేలినది. మన దేశములో పని చేసే వయసువారిలో సుమారు 10 కోట్ల మందికి ఉన్నదని 2023 లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు అంచనా వేసినారు. వీరందరూ లావుపాటివారు కారు. దవడ చిన్నదైనా, గొంతు ఇరుకైనా, బక్కపలచని మనిషికి కూడా రావచ్చును. ఆడవారికి ముట్లుడిగిన తరువాత ఎక్కువ. వారిలో గురక అంత పెద్దగా ఉండదు. బడలిక, నిద్రలేమి, పొద్దున్నే తలనొప్పి మాత్రమే పైకి కనబడుతవి. ఇంటి చాకిరీ వల్లనని వారే సర్ది చెప్పుకొంటారు.

సంగీత దర్శకుడు బప్పీ లహరి పేరు మీ అందరికీ తెలిసినదే. సింహాసనము (1986), గ్యాంగ్ లీడరు (1991) పాటలకు మన పెండ్లి బ్యాండు వారు ఎంత ఋణపడి ఉన్నారో చెప్పనక్కరలేదు. 2022 ఫిబ్రవరి 15 వ తేదీ రాత్రి బొంబాయిలో ఆయన తన 69 వ యేట మరణించినారు. ఇతర అనారోగ్యములు ఉన్నా, మరణమునకు కారణము నిద్రలో ఊపిరి అడ్డగించే ఈ జబ్బేనని వైద్యులు చెప్పినారు. ఆ మరునాడు పత్రికలు చూసి, గురకకు మనిషి పోతాడా అని మమ్ములను అడిగినవారు ఎందరో.

ఇక మా వద్దకు వచ్చిన ఒక దంపతుల సంగతి చెప్పాలి. ఆయన పట్టుచీరల వ్యాపారి, యాభై దాటిన మనిషి. మూడు రకముల మాత్రలు వేసుకొంటున్నా రక్తపు పోటు లొంగలేదు. దుకాణములో బేరమాడుతూనే కునుకు తీస్తారట. ఉప్పు తగ్గించారా, మాత్రలు వేళకు వేస్తున్నారా అని మేము అడుగుతున్నంతసేపూ ఆయన భార్య వెనుక కుర్చీలో మౌనముగా కూర్చున్నది. నిద్ర ఎట్లున్నదంటే "భేషుగ్గా ఉన్నదండీ" అన్నారాయన. లేచి వెళ్లబోతూ, ఆయన గుమ్మము దాటిన తరువాత ఆమె వెనుకకు వచ్చి, గొంతు తగ్గించి, "రాత్రిళ్లు వారికి ఊపిరి ఆగిపోతుందండీ. నేను వీపు మీద తట్టి లేపుతాను. పన్నెండేండ్ల నుంచీ ఇంతే" అన్నది.

పన్నెండేండ్లు! ఆ ఇల్లాలు తన నిద్రను పణముగా పెట్టి ఆయనకు కాపలా కాచినది. ఎవరికీ ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "గురక మాట పదిమందిలో పెడితే వారికి నామోషీ కదండీ" అన్నది. మరల ఆయనను లోపలికి పిలిచినాము. ముందు కోపము వచ్చినది, తరువాత సిగ్గుపడినారు, ఆ తరువాత పరీక్షకు ఒప్పుకొన్నారు. గంటకు 40 కి పైగా ఆటంకములు తేలినవి. యంత్రము పెట్టుకొన్న మొదటి రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదట. ఇంత నిశ్శబ్దమేమిటని రెండుసార్లు ఆయన ముక్కు దగ్గర చేయి పెట్టి చూసినదట.

మన ఇళ్లలో ఈ మొగమాటము ఒక్క భార్యలకే కాదు. పక్క గదిలో మామగారి ఊపిరి ఆగి ఆగి వస్తున్నదని కోడలికి తెలుసును. కోడలు మామగారి గురక మాట ఎట్లా ఎత్తుతుంది? కనీసము అత్తగారి చెవిన వేయండి, లేదా కొడుకు చేత చెప్పించండి. మామగారూ, మీరు కూడా కోపగించుకొనక వినండి. చేతిలో ఫోను ఉన్నది గనుక రెండు నిమిషములు ఆ శబ్దమును, ఆ నిశ్శబ్దమును పట్టి వైద్యునికి వినిపించితే మాటలతో పని లేదు.

మనము ఉండే చోటు దృష్ట్యా ఇంకొక సంగతి. కలకత్తా నుండి మదరాసుకు పోయే జాతీయ రహదారి మన ఊరి పక్కగా ఇచ్ఛాపురము మీదుగా పోతుంది. లారీ, బస్సు, రైలు నడిపేవారు మన కుటుంబములలో తక్కువ కాదు. 2013 డిసెంబరు 1 వ తేదీ ఉదయము న్యూయార్కులో ఒక రైలు, గంటకు సుమారు 48 కిలోమీటర్ల వేగముతో తిరగవలసిన వంపులో 130 దాటిన వేగముతో వచ్చి పట్టాలు తప్పినది. నలుగురు మరణించినారు. డ్రైవరుకు అప్పటి వరకు ఎవరూ కనిపెట్టని ఈ జబ్బు ఉన్నదనీ, పాళీ కూడా కొత్తగా మారినదనీ, ఆయన చేతులు పని మీద ఉండగానే నిద్రలోకి జారినాడనీ విచారణలో తేలినది. డ్రైవరు తాగలేదు, నిర్లక్ష్యము చేయలేదు. సూరతు మగ్గముల దగ్గర రాత్రి పాళీ చేసే మన గంజాము వారికి వచ్చే తూగు వేరు. అది నిద్ర చాలక వచ్చేది. నిద్రపోయి లేచిన తరువాత కూడా తూగు వస్తున్నదంటే మాత్రము అనుమానించవలసినదే.

ఈ తూగును కొలిచేందుకు 1991 లో ఆస్ట్రేలియాలో ముర్రే జాన్స్ అనే వైద్యుడు ఎనిమిది ప్రశ్నలు తయారు చేసినాడు. చదువుకొనేటప్పుడు, టీవీ చూసేటప్పుడు, కారులో గంటసేపు ప్రయాణములో, మధ్యాహ్నము నడుము వాల్చినప్పుడు, మాట్లాడుతుండగా, భోజనమైన తరువాత ఊరకే కూర్చున్నప్పుడు, బండి కాసేపు ఆగినప్పుడు నిద్ర ఎంతవరకు వస్తుందని అడుగుతారు. ఒక్కొక్కదానికి 0 నుండి 3 వరకు మార్కులు. మొత్తము 10 దాటితే వైద్యుని చూడాలి. ఎనిమిదవ ప్రశ్న చెప్పలేదని లెక్క పెట్టేవారు అడుగుతారేమో. సభలో కదలక కూర్చున్నప్పుడు నిద్ర వస్తుందా అనేది అది. మూడవ వరుసలోని పెద్దలు ఇప్పుడు మేలుకొని ఉన్నారు గనుక ధైర్యముగా చెప్పుతున్నాము.

మన తాతలు కదలలేదు. 1936 ఏప్రిల్ 1 న సరిహద్దు కదిలినది. మదరాసు రాజధానిలో పడుకొన్నవారు ఒరిస్సాలో నిద్ర లేచినారు. అట్లా మనము ఉన్నచోటనే ప్రవాసులమైనాము. పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి పేర ఉన్న మన ఊరి వైద్య కళాశాల 1962 లో మొదలైనది. అక్కడి డాక్టరుకు తెలుగు రాకపోతే "ఘుంగుడి" అనండి. గురకకు ఒడియా మాట అది. దానితోపాటు ఊపిరి ఆగుతున్నదని కూడా తప్పక చెప్పండి. అది చెప్పకపోతే వారు కూడా నవ్వి పంపగలరు. నిద్ర పరీక్షలో తలకు, రొమ్ముకు, వేలికి తీగలు అంటించి రాత్రంతా గమనిస్తారు. విశాఖపట్టణము, భువనేశ్వరములలోని పెద్ద ఆసుపత్రులలో ఆ ఏర్పాటు ఉన్నది. కొందరికి ఇంటివద్దనే చిన్న పరికరముతో కూడా చేయవచ్చును.

చికిత్స విషయములో అందరికీ ఒకటే మందు లేదు. బరువు ఎక్కువ ఉన్నవారు నూటికి పది పాళ్లు తగ్గితే ఆటంకములు సుమారు నాలుగవ వంతు తగ్గవచ్చును. వెల్లకిల కాక ప్రక్కకు తిరిగి పడుకొనుట కొందరికి చాలా మేలు. రాత్రి మద్యము గొంతు కండరములను మరింత సడలిస్తుంది. నిద్రమాత్రలు కూడా వైద్యుని అడగక వేసుకొనరాదు. గురక పెట్టేవానికి నిద్ర సరిగా లేదని ఇంటివారే మాత్ర ఇచ్చుట మేము చూసినాము. క్రింది దవడను కొద్దిగా ముందుకు లాగి ఉంచే పరికరమును దంతవైద్యులు తయారు చేస్తారు. అది స్వల్ప, మధ్యమ స్థితులవారికి పనికివస్తుంది. 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము టిర్జెపటైడ్ అనే సూదిమందును, స్థూలకాయముతో ఈ జబ్బు ఉన్నవారికి అనుమతించినది. 2025 లో జైపూరు వైద్యులు 30 మందితో ఒక ప్రయత్నము చేసి, ఆరు నెలలు శంఖము పూరించినవారికి పగటి తూగు, రాత్రి ఆటంకములు కొంత తగ్గినవని ప్రకటించినారు. పరీక్ష చిన్నది, కనుక యంత్రము అమ్మి శంఖము కొనవద్దు. ఇంట్లో ఉన్న శంఖమును ఊదితే మాత్రము నష్టము లేదు.

తీవ్రస్థితిలో అన్నిటికన్నా నమ్మదగినది సీపాప్ అనే యంత్రము. 1981 లో సిడ్నీలో కోలిన్ సల్లివన్ దీనిని మొదట ఐదుగురు రోగులపై ప్రయోగించి చూపినాడు. అంతకు ముందు, తీవ్రమైన రోగికి గొంతుకు రంధ్రము చేయుట తప్ప గతి లేదు. ఇది ఆక్సిజను సిలిండరు కాదు. గదిలోని గాలినే కొంత ఒత్తిడితో ముక్కులోకి పంపి, మూసుకొనే దారిని ఆ గాలితోనే తెరచి ఉంచుతుంది. జబ్బును పోగొట్టదు, పెట్టుకొన్న రాత్రి మాత్రమే కాపాడుతుంది. కళ్లజోడు కూడా అంతే కదా. మొదటి వారము ముఖము మీద బరువు, ముక్కు ఎండుట, పిల్లలు చూసి నవ్వుట అన్నీ ఉంటవి. తొడుగు సరిగా అమరకపోతే మార్పించుకొనండి గాని పెట్టెలో పెట్టి అటక ఎక్కించకండి.

దీనికి కరెంటు కావాలి. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపురము దగ్గర ఫైలిన్ తుఫాను తీరము దాటిన తరువాత మన ఊరు ఎన్ని రోజులు చీకటిలో ఉన్నదో మీరు మరచి ఉండరు. యంత్రము వాడేవారు తుఫాను కబురు రాగానే బియ్యము, కొవ్వొత్తులతోపాటు బ్యాటరీ సంగతి కూడా చూసుకోవాలి. బ్యాటరీ లేకపోతే తలవైపు ఎత్తు చేసుకొని ప్రక్కకు తిరిగి పడుకొనండి. ఎవరైనా శస్త్రచికిత్సకు పోతే, మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ జబ్బు సంగతి ముందుగా చెప్పి, యంత్రమును వెంట తీసుకొనిపొండి. మత్తు దిగే వేళ వీరికి ప్రమాదము ఎక్కువ.

ఒక్క మాట పిల్లలను గూర్చి. రోజూ నోరు తెరచి గురక పెట్టే పిల్లవానికి టాన్సిల్సు గాని, ముక్కు వెనుకనుండే అడినాయిడ్సు గాని పెరిగి ఉండవచ్చును. వాడు పగలు తూగడు, పైగా అల్లరి ఎక్కువ చేస్తాడు, చదువులో మనసు నిలపడు. బెత్తము పట్టే ముందు ముక్కు, చెవి, గొంతు డాక్టరుకు చూపించండి. చాలామందికి ఆ గడ్డలు తీసివేస్తే బాగవుతుంది.

పులిహోర వాసన వస్తున్నది, కాబట్టి ఇక ఆపుతాము. భోజనముల తరువాత తూర్పు వరండాలో ఉంటాము. గురక పెట్టేవారు రానక్కరలేదు, వినేవారిని పంపండి.