కలవడం వేరు, కలిసిపోవడం వేరు
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బి.కాం. చదివి, ఇక్కడే బళ్లారిలో బ్యాంకు గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పెద్ద ఉపన్యాసాలు చెప్పలేను. మీలో కామర్స్ విద్యార్థులున్నారు గనుక ఒక్క ఇంగ్లీషు మాట గురించి చెబుతాను. ఆ మాట ‘అమాల్గమేట్’.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఉత్తరంలో ‘అమాల్గమేట్ టుగెదర్’ అని రాశాను. మేనేజరుగారు ‘టుగెదర్’ను ఎర్రసిరాతో కొట్టేసి, “కలవడం ఆ క్రియలోనే ఉందయ్యా!” అన్నారు. ఆ మాట తర్వాత ‘విత్’ రావచ్చు, ‘ఇంటూ’ రావచ్చు. ‘టుగెదర్’ అక్కర్లేదు. పలికేటప్పుడు ‘మాల్’ అన్నచోట ఒత్తి పలకాలి.

పాదరసంతో మరో లోహం కలిస్తే దాన్ని అమాల్గమ్ అంటారు. మన క్రియ ఆ మాట నుంచే వచ్చింది. మన కామర్స్ పుస్తకాల్లో దీనికి అర్థం మరింత కచ్చితం. రెండు కంపెనీలు రద్దయి మూడో కొత్త కంపెనీ ఏర్పడితే అమాల్గమేషన్. ఉన్న కంపెనీయే ఇంకొకదాన్ని తనలో కలుపుకుంటే అబ్సార్ప్షన్.

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిశాయి. ప్రభుత్వ స్కీములో రాసినది ‘అమాల్గమేషన్’. పుస్తకం ప్రకారం చూస్తే అది అబ్సార్ప్షనే. ఖాతాదారుల సొమ్ము భద్రంగానే ఉంది. 1923లో బందరులో పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన బ్యాంకు పేరు మాత్రం బోర్డు మీద లేదు.

ఈ తేడా మన ఇళ్లలోనూ ఉంది. 1953 అక్టోబరు 1న మన బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. మన పెద్దలు బజారులో కన్నడం, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ రెండూ నిలుపుకున్నారు. అది కలవడం. మా మనవడు కన్నడం, ఇంగ్లీషు చక్కగా చదువుతాడు. తెలుగు మాట్లాడతాడే గాని చదవలేడు. మొన్న మా నాన్నగారి పాత ఉత్తరం చేతికిస్తే, “నువ్వే చదువు తాతా” అన్నాడు. ఇది కలిసిపోవడం. తప్పు వాడిది కాదు, నాది.

కన్నడ అక్షరాలు వచ్చిన పిల్లలకు తెలుగు అక్షరాలు అట్టే కష్టం కావు. రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలే. ఇప్పుడు ఆదివారాలు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని దిద్దిస్తున్నాను. తల్లిదండ్రులారా, మీరు నాలాగా ఆలస్యం చేయకండి. పిల్లలూ, ఈ నేల భాషను బాగా నేర్చుకోండి, మనకు అన్నం పెట్టిన నేల ఇది. మీ తాతగారి ఉత్తరం మాత్రం మీరే చదవగలిగేలా ఉండండి.

సెలవు.