మసి - వెలుతురు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



తాటియాకుల కాలమున లేఖకుడు గంటముతో ఆకుపై అక్షరములను గీచెడివాడు. గీచినంతమాత్రమున అక్షరము స్పష్టముగా కానరాదు. ఆకుపై మసిని పూసి తుడిచినపుడు, గీతలలో నిలిచిన నలుపువలన అది కంటికి తెలిసెడిది. ఆముదపు దీపముపై పట్టిన కాటుకయు, అచ్చుసిరాలోని నల్లపొడియు ఆ మసికి తోబుట్టువులే. ఆకు వెలుతురును తిరిగి పంపును, మసి మ్రింగివేయును. ఆ భేదమే చదువరికి అక్షరమగుచున్నది.

పుటమీద ఇంత మేలుచేసిన మసి ఆకాశమున కెక్కినపుడు కీడు చేయుచున్నది.

కట్టె, పిడక, బొగ్గు, డీజిలు మొదలగువానికి మండుటకు చాలినంత గాలి దొరకనపుడు, వానిలోని కర్బనము పూర్తిగా కాలక రేణువులై మిగులును. అవి గొలుసులవలె అతుకుకొని పొగతో పైకి లేచును. వానిలో పెక్కు తలవెండ్రుక మందములో నూరవవంతునకు మించవు.

ఉప్పురేణువుగాని, నీటితుంపరగాని తనపై బడిన కాంతిని నలుదెసలకు చిమ్మును. అందుచేతనే మేఘము తెల్లగా నుండును. మసి యట్లు కాదు. దానిలోని కర్బన పరమాణువులు రేకులు రేకులుగా అమరియుండును. ఆ రేకులలో కొన్ని ఎలక్ట్రానులు స్వేచ్ఛగా కదలుచు, ఎరుపు మొదలు ఊదా వరకు అన్నిరంగుల కాంతిని గ్రహించును. ఆ కాంతి వేడిగా మారి చుట్టునున్న గాలిని కాచును. రేణువు మిక్కిలి చిన్నదగుటచే దాని లోపలి కర్బనము సైతము ఈ పనిలో పాల్గొనును. గాలిలో చెదరిన ఒక్క గ్రాము మసి సుమారు 7.5 చదరపు మీటర్ల మేర, అనగా ఒక చిన్నగది నేలయంత మేర, పడు వెలుతురును మ్రింగగలదు.

1999 జనవరి మొదలు మార్చి వరకు పలుదేశముల శాస్త్రజ్ఞులు ఓడలతో, విమానములతో, ఉపగ్రహముల సాయముతో హిందూమహాసముద్రముపై గాలిని పరీక్షించిరి. ఇండోయెక్స్ అను ఈ పరిశోధనకు వీరభద్రన్ రామనాథన్, పాల్ క్రుట్జెన్ గార్లు నాయకత్వము వహించిరి. దక్షిణాసియానుండి వెడలిన గోధుమరంగు పొగమబ్బు సముద్రముపై వేల కిలోమీటర్లు వ్యాపించియుండెను. దానిక్రింద సముద్రతలమునకు చేరు సూర్యకాంతి సుమారు నూటికి 10 వంతులు తగ్గినది. ఆ మబ్బులో మసిపాలు కొద్దియే యైనను, గాలిని కాచుటలో దానిదే పెద్దచేయి. క్రింద వెలుతురు తగ్గును, పైన గాలి వేడెక్కును. హిమాలయములపై బడిన మసి మంచును త్వరగా కరగించును.

ఆకాశమున కెక్కుటకు ముందే ఈ మసి వంటయింట ఒక పని ముగించుకొనుచున్నది. దూలములను నలుపుచేసిన పొగయే పొయ్యియూదు ఇల్లాలి ఊపిరితిత్తులలోను, ఆమె ఒడిలోని బిడ్డ ఊపిరితిత్తులలోను చేరుచున్నది. ఇండ్లలోని పొగవలన 2020 సంవత్సరమున లోకమందు సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మనదేశమున 2016 లో ఉజ్జ్వల పథకము ఆరంభమై పేదయిండ్లకు గ్యాసు పొయ్యిలు వచ్చినవి. కాని సిలిండరు వెల భరింపలేక నేటికిని కట్టెలపొయ్యిని విడువలేని యిండ్లు పెక్కు కలవు. ఆ ఇల్లాండ్రది అజ్ఞానము కాదు, లేమి. ఆ భారము సంఘమంతయు పంచుకొనవలసినది.

ఇందు ఆశకు తావు కలదు. బొగ్గుపులుసు వాయువు గాలిలో శతాబ్దములు నిలుచును. మసి యన్ననో కొలదిదినములు, మహాయైన ఒకటిరెండు వారములు మాత్రమే నిలిచి వానతో నేలకు దిగును. కనుక నేడు పొగ మానినచో, మానినవారి కండ్లయెదుటనే ఆకాశము తేటపడును. ఇంత త్వరగా ఫలమిచ్చు సత్కార్యములు లోకమున కొన్నియే.

మసి యుండదగిన చోటు అక్షరము. అచ్చట అది మ్రింగు వెలుతురు జ్ఞానమై తిరిగివచ్చును. తల్లుల ఊపిరిలోను, ఆకాశములోను అది మ్రింగు వెలుతురు తిరిగిరాదు.