పనివానిపై నమ్మకము



బెంగుళూరున తరతరములుగా స్థిరపడిన మన వర్తక కుటుంబముల యువకులు కొందరు నేడు కంప్యూటరు సంస్థలు నడుపుచున్నారు. ఇంటినుండి పనిచేయు ఉద్యోగి కంప్యూటరు తెరను, వానికి తెలియకుండ, మాటిమాటికి ఫోటో తీయించుచున్నారని వింటిమి. మేము గుమాస్తాకు గల్లాపెట్టె తాళపుచెవి అప్పగించి, రాత్రి చిట్టా సరిచూచుకొంటిమి. పగలెల్ల వాని చేతులవంక చూచుచు కూర్చుండినచో బేరమెవరు చేయుదురు? తనిఖీ చేయుడు, చేయుదుమని ముందుగా చెప్పుడు.

ఇక జీతము. 2019 నాటి వేతనముల కోడు 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. నెలజీతము మరుసటినెల 7వ తేదీలోగా ముట్టవలెను. ఉద్యోగము విడిచినవానికి రెండు పనిదినములలో లెక్క తీర్చవలెను. పని యిచ్చిన కంపెనీ సొమ్ము పంపలేదనుట సాకు కాదు. సరకు అమ్ముడుపోలేదని మనమెన్నడైన గుమాస్తా జీతము ఆపితిమా?

జీతము రావలసిన పిల్లల తల్లిదండ్రులు ఈ సభలోనే యున్నారు, ఈయవలసినవారును ఉన్నారు. ఆదివారము ఉదయము ఉభయులును కాగితములతో సంఘ కార్యాలయమునకు రండు. లెక్క మేము చూచెదము.