విదేశ వాణిజ్యయాత్రలో ఒడుదుడుకులు

(షోలాపురమున మన సంఘ సభలో తువాళ్ల వర్తకులొకరు చేసిన ప్రసంగ పాఠము)



జర్మనీ దేశమందలి ఫ్రాంక్‌ఫర్టు నగరమున ఏటేట జనవరి మాసమున గృహవస్త్రముల ప్రదర్శనము జరుగును. దానిని హైమ్‌టెక్స్‌టిల్ అందురు. మన ఊరి తువాళ్ల మచ్చులతో నేనచ్చటికి పోయివచ్చితిని. లాభమెంత, నష్టమెంత అని పలువురు అడుగుచున్నారు. ఆర్డరుల లెక్క మాత్రము చెప్పిన ప్రయోజనము లేదు. అచ్చటి కొనుగోలుదారుడు ముందుగా దేనిని చూచునో, సొమ్ము చేతికి వచ్చు దారి యెట్టిదో తెలిసినచో రేపు మీలో మరియొకరు ధైర్యముగా బయలుదేరవచ్చును.

మన పూర్వులు కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి మగ్గమును నమ్ముకొని ఈ ఊరికి వచ్చిరి. నేడు షోలాపురపు చద్దరుకును, టెర్రీ తువాలుకును ప్రభుత్వపు భౌగోళిక గుర్తింపు కలదు. అయినను పేరు ఒక్కటే చూచి పరదేశమున ఎవరును కొనరు.

మొదట కష్టము చెప్పెదను. వీసాకు వలయు పత్రములును, 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమాయు సమకూర్చుకొని పోయితిని. దిగి చూడగా మచ్చుల పెట్టె రాలేదు. విమానము మారుచోట అది వెనుకబడినదట. రెండు దినములు చేతిసంచిలోని 6 తువాళ్లతోనే స్టాలు నడపవలసివచ్చెను. రకమునకొకటి చొప్పున సంచిలో నుంచుకొనుటచే బేరము ఆగలేదు. పోవువారు ముఖ్యమైన మచ్చులను, ధరల పట్టికను తమ చేతిలోనే ఉంచుకొనవలెను.

ఒక వృద్ధ వర్తకుడు వచ్చి, ధర అడుగకయే, తువాలుపై కొన్ని నీటిబొట్లు వదలి చూచెను. నీరు వెంటనే ఇంకెను. వేరొకచోట తెచ్చుకొనిన మిక్కిలి మెత్తని తువాలుపై అదే బొట్టు ముత్యమువలె నిలిచెను. మెత్తదనమునకై పట్టించు కొన్ని ద్రవ్యములు నీటిని పీల్చనీయవు. ఒడలు తుడుచుటయే తువాలు పని గదా! పిమ్మట ఆయన తూకము అడిగెను. చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని చెప్పినచో సరుకంతయు ఆ తూకమునకు సరిపోవలెను. ఆపైన రంగుల పరీక్షాపత్రము చూపుమనెను. క్యాన్సరు కలిగింపగల పదార్థములను విడుదల చేయు కొన్ని అజో రంగులను నిషేధించుచు జర్మనీ 1994లో చట్టము చేసెను. ఐరోపా సమాఖ్యయు 2002లో అట్లే ఆదేశించెను. పత్రము లేనిదే మన రంగు ఎంత మంచిదైనను వారు నమ్మరు.

పెద్ద ఆర్డరొకటి చేతికందినట్లేయుండి జారిపోయినది. ఒక వర్తకుడు ధర, రంగు, కొలత అన్నియు ఒప్పుకొని, చివరకు సరుకు చేరిన 90 దినములకు సొమ్మిచ్చెదననెను. బ్యాంకు హామీకి ఒప్పుకొనలేదు. మన కార్ఖానాలలో కూలి వారమువారము చెల్లింపవలెను. నూలు వర్తకుడు మూడు నెలలు ఆగడు. కావున నమస్కరించి లేచివచ్చితిని. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మరునాడు వేరొకరు అందులో ఐదవవంతు సరుకునకే లెటర్ ఆఫ్ క్రెడిట్‌పై ఆర్డరిచ్చిరి. నేనది తీసికొంటిని.

ఈ పద్ధతిలో కొనుగోలుదారుని బ్యాంకు సొమ్మునకు పూచీపడును. కాని బ్యాంకు చూచునది కాగితములను, సరుకును కాదు. 2007నుండి అమలులోనున్న అంతర్జాతీయ నియమావళి ప్రకారము, క్రెడిట్‌లో వేరుగా చెప్పనిచో, సరుకు ఓడకెక్కిన 21 దినములలోగా పత్రములు దాఖలు చేయవలెను. సరుకు వర్ణనము పత్రమునకొక విధముగా నున్నచో చెల్లింపు ఆగవచ్చును. అరువుపై అమ్మదలచిన వారు, 1957లో ప్రభుత్వము స్థాపించిన ఎగుమతి బీమాసంస్థను, అనగా నేటి ఇ.సి.జి.సి.ని, ముందుగా విచారించుట మంచిది.

ధర చెప్పునపుడు ఎచ్చటికి చేర్చు ధరయో స్పష్టముగా వ్రాయవలెను. 2023 చివర ఎఱ్ఱసముద్రమున ఓడలపై దాడులు మొదలైన పిమ్మట అనేక నౌకలు సూయజు కాలువను విడిచి ఆఫ్రికా ఖండమును చుట్టిపోయినవి. ఓడ కిరాయిలు పెరిగినవి. మన రేవులో ఓడకెక్కించు ధర చెప్పినవారికి ఆ భారము తగులలేదు. హాంబర్గు చేర్చు ధరకు ముందే ఒప్పుకొనినవారు దానిని తామే మోయవలసివచ్చెను.

సోదరులారా! ఆర్డరు తిరిగివచ్చినచో నష్టపోవునది యజమాని యొక్కడే కాడు. మగ్గము నిలిచిన ఇంట ఆ వారము కూలి రాదు. అందుచే సంఘమునకు నా మనవి మూడు మాటలు. చిన్న కార్ఖానాల వారందరికి ఉమ్మడి మచ్చుల గది ఒకటి ఏర్పరుపవలెను. రంగుల పరీక్షలకు మచ్చులను కలిపి పంపి, ఖర్చును పంచుకొనవలెను. మన యువతీయువకులలో కొందరికి ఎగుమతి పత్రములు వ్రాయు పని నేర్పింపవలెను. ఒక్కొక్కరికి మోయరాని బరువు పదిమంది పట్టిన తేలికయగును.

మన తాతలు భాష తెలియని ఈ ఊరికి వచ్చి పనితనముచేతనే నిలిచిరి. ఆ పనితనము మనకు నేటికిని కలదు. దానికి లెక్కయు, కాగితమును తోడుచేయుట మన వంతు. ఈ మనవిని రాబోవు కార్యవర్గ సమావేశమున చర్చింప ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.